ఎలక్ట్రిక్ కారు కొనే ముందు లాభనష్టాల లెక్క వేసుకోవడం ఎలా?

ఎలక్ట్రిక్ కారు లాభమో నష్టమో షోరూములో తేలే విషయం కాదు. అక్కడి కొటేషన్‌లో మీ ఇంటి కరెంటు మీటరూ ఉండదు, మీ పార్కింగు స్థలమూ ఉండదు. ఒకే రోజు ఒకే మోడల్ కొన్న ఇద్దరిలో ఒకరికి అదనంగా పెట్టిన డబ్బు నాలుగైదేళ్లలో తిరిగి వస్తే, రెండో వారికి కారు అమ్మేసే నాటికి కూడా రాకపోవచ్చు; ఏడాదికి ఎంత తిరుగుతుంది, రాత్రి ఎక్కడ నిలుస్తుంది అన్న రెండు ప్రశ్నల దగ్గరే వారి లెక్కలు వేరవుతాయి. కింది వరుసలో వెళ్తే టెస్ట్ డ్రైవ్‌కు ముందే మీ జవాబు చాలావరకు దొరుకుతుంది. ఉదాహరణలు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లకు సంబంధించినవి.

మొదటి అడుగు: ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు?

ఇప్పుడు వాడుతున్న కారు సర్వీసు బిల్లులు రెండు బయటికి తీయండి. ప్రతి బిల్లు మీదా తేదీ, ఓడోమీటరు రీడింగు ఉంటాయి కాబట్టి, ఏడాది ఎడంతో ఉన్న రెండు బిల్లుల మధ్య తేడాయే మీ వార్షిక వాడకం. నోటిలెక్కను నమ్మకండి, ఆఫీసుకు వెళ్లివచ్చే దూరాన్ని 365తో గుణించేవారికి ఆదివారాలు, పండుగ సెలవులు, ఇంటి నుంచి పనిచేసిన రోజులు గుర్తుకు రావు. వచ్చిన సంఖ్యను రెండు భాగాలు చేయండి. ఊళ్లో తిరిగే కిలోమీటర్లు ఒకవైపు, ఒకే రోజులో 200 కిలోమీటర్లు దాటే ప్రయాణాలు మరోవైపు. మొదటి భాగానికి ఇంటి కరెంటు ధర, రెండో భాగానికి దారిలోని ఫాస్ట్ చార్జర్ ధర వర్తిస్తాయి. ఈ రెండు ధరల మధ్య రెట్టింపుకు మించిన తేడా ఉంటుంది.

రెండో అడుగు: కారు రాత్రి నిలిచే చోటును పరీక్షించండి

ఈ అడుగుకే ఎక్కువ సమయం కేటాయించండి, ఎందుకంటే ఇక్కడ తేలనిది మరెక్కడా తేలదు.

సొంత ఇల్లు ఉండి, కారు ప్రహరీ లోపల నిలిచేటట్లయితే పని సులువు. చాలామంది గోడకు బిగించే పెద్ద చార్జర్ లేనిదే కుదరదనుకుంటారు గానీ, మామూలు 15 ఆంపియర్ల సాకెట్ గంటకు దాదాపు మూడు యూనిట్లు ఇస్తుంది; రోజుకు నలభై కిలోమీటర్లు తిరిగే కారుకు కావలసింది ఆరేడు యూనిట్లే కనుక, రెండు మూడు గంటల్లో ఆ రోజు వాడకం తిరిగి నిండుతుంది. 45 యూనిట్ల బ్యాటరీని అడుగు నుంచి అంచు దాకా నింపాలంటే మాత్రం ఇదే సాకెట్ మీద పదిహేను గంటల వరకు పడుతుంది. (కంపెనీలు బ్యాటరీ పరిమాణాన్ని కిలోవాట్ అవర్లలో చెబుతాయి, ఒక కిలోవాట్ అవర్ అంటే మన కరెంటు బిల్లులోని ఒక యూనిట్.)

అయితే ఆ సాకెట్ గీజరు కోసమో ఏసీ కోసమో ఎప్పుడో వేసినది కాకూడదు, దాని నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగడం అసలే కూడదు. గీజరు పదిహేను నిమిషాలు పనిచేసి ఆగుతుంది, కారు మాత్రం అదే లోడును గంటల తరబడి లాగుతుంది. వైరు సన్నగా ఉంటే ప్లగ్గు దగ్గర ప్లాస్టిక్ కరగడంతో కథ మొదలవుతుంది. మీటరు బోర్డు నుంచి నేరుగా ప్రత్యేకంగా రాగి వైరు లాగించండి. 16 ఆంపియర్లకు కనీసం 4 చదరపు మిల్లీమీటర్లు, 32 ఆంపియర్లకు కనీసం 6 చదరపు మిల్లీమీటర్ల వైరు కావాలి, దూరం ఎక్కువైతే ఇంకా లావైనది వేయించాలి. ఆ లైనుకు విడిగా ఎంసీబీ (లోడు మించితే కరెంటు ఆపే స్విచ్చు), 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపే స్విచ్చు) పెట్టించాలి. ఆ తర్వాత ఎర్తింగ్ సంగతి. పాత ఇళ్లలో ఎర్త్ వైరు గోడలో ఎక్కడో తెగి ఉంటుంది, లేదా నీళ్లు పోయని ఎర్త్ పిట్ ఎండిపోయి ఉంటుంది. అలాంటి చోట కారు చార్జింగు తీసుకోకుండా ఎర్ర లైటు చూపిస్తుంది, కొన్నవారేమో కారులో లోపమనుకుని సర్వీసు సెంటరుకు ఫోన్ చేస్తారు. కారు బుక్ చేసే ముందే ఎలక్ట్రీషియన్‌తో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య ఓల్టేజీ కొలిపించండి. అది రెండు మూడు ఓల్టులు దాటితే కొత్త ఎర్త్ పిట్ ఖర్చును కూడా మీ లెక్కలో రాసుకోండి.

గోడకు బిగించే 7.2 కిలోవాట్ల చార్జర్ కావాలనుకుంటే మీ కనెక్షన్‌కు మంజూరైన లోడు ఎంతో బిల్లు మీద చూడండి. సాధారణ ఇళ్లకు అది ఐదు కిలోవాట్లలోపే ఉంటుంది కాబట్టి, డిస్కమ్‌కు (కరెంటు పంపిణీ సంస్థకు) దరఖాస్తు చేసి లోడు పెంచుకోవాలి, చాలాసార్లు సింగిల్ ఫేజ్ నుంచి త్రీఫేజ్‌కు మారాలి. దీనికి డెవలప్‌మెంట్ చార్జీలు, డిపాజిట్ ఒకసారి కడితే, పెరిగిన లోడు మీద ఫిక్స్‌డ్ చార్జీ ప్రతి నెలా పడుతుంది. రోజుకు వంద కిలోమీటర్లు దాటనివారికి ఇది అనవసరమని నా అభిప్రాయం.

అపార్ట్‌మెంటులో ఉండేవారికి వైరు కంటే ముందు అసోసియేషన్ అనుమతి కావాలి. ఉన్న కనెక్షన్ నుంచే ఇంటి దగ్గర చార్జింగు పెట్టుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాలు చెబుతున్నా, కేబుల్ వెళ్లేది ఉమ్మడి గోడల మీదుగా కనుక లిఖితపూర్వక అనుమతి తీసుకోవడమే మంచిది. మీ ఫ్లాటు మీటరు నుంచి మీ పార్కింగు స్లాటు దాకా సొంత కేబుల్ వేయించుకోండి. కామన్ మీటరు నుంచి వాడుకుని నెలకింత ఇస్తానన్న ఒప్పందం, వేసవిలో బిల్లు పెరిగిన మొదటి నెలలోనే తగాదాగా మారుతుంది. మా అపార్ట్‌మెంటులో ఈ అనుమతికి మూడు సమావేశాలు పట్టింది. బ్యాటరీలు అంటుకుంటాయా లేదా అన్న వాదన ఎంతసేపు సాగినా తేలలేదు గానీ, కేబుల్ ఏ గోడ వెంట వస్తుందో, ఎంసీబీ ఎక్కడ ఉంటుందో కాగితం మీద గీసి చూపించాక పది నిమిషాల్లో సంతకాలు అయ్యాయి. అద్దెకుండేవారు ఇంటి యజమాని అంగీకారం కూడా తీసుకోవాలి, ఇల్లు మారితే ఆ ఖర్చు అక్కడే వదిలి వెళ్లాల్సి వస్తుందని తెలుసుకోవాలి.

కారు వీధిలో నిలుస్తుంది, ఆఫీసులోనూ చార్జింగు లేదు అన్నవారు ఇప్పటికి ఆగడం మేలు. వారానికి రెండుసార్లు పబ్లిక్ చార్జర్ దగ్గర ముప్పావుగంట కూర్చోవడం మొదటి నెలలో సరదాగానే ఉంటుంది, తర్వాత అదే పెద్ద విసుగు.

మూడో అడుగు: కిలోమీటరుకు ఎంత పడుతుందో తేల్చండి

మధ్యతరహా ఎలక్ట్రిక్ కారు బ్యాటరీలోని ఒక యూనిట్‌తో దాదాపు ఏడు కిలోమీటర్లు వెళ్తుంది. గోడ నుంచి బ్యాటరీలోకి వెళ్లేలోగా పదో వంతుకు పైగా కరెంటు వేడి రూపంలో పోతుంది కాబట్టి, మీరు బిల్లు కట్టే ఒక్కో యూనిట్‌కు ఆరు కిలోమీటర్ల పైచిలుకే వస్తాయి.

యూనిట్ ధర దగ్గర చాలామంది పొరపాటు చేస్తారు. మొత్తం బిల్లును యూనిట్లతో భాగించి సగటు తీయకండి. కారు వాడే యూనిట్లన్నీ మీ ఇంటి వాడకం మీద పేరుకుంటాయి కనుక వాటికి పై స్లాబు ధరే పడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి అమలైన గృహ స్లాబుల్లో 226 నుంచి 400 యూనిట్ల దాకా యూనిట్‌కు రూ.8.75, ఆపైన రూ.9.75, తెలంగాణలోనూ పై స్లాబులు తొమ్మిది రూపాయలు దాటుతాయి. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే బిల్లుకు 160 యూనిట్లు కలుస్తాయి. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్లలోపు జీరో బిల్లు పొందుతున్న ఇంటికి ఆ ప్రయోజనం చేజారే అవకాశం ఎక్కువ, అది కూడా కారు ఖర్చే. విద్యుత్ వాహనాల చార్జింగుకు రెండు రాష్ట్రాల్లోనూ ప్రత్యేక టారిఫ్ ఉంది కాబట్టి, దాని కింద విడి మీటరు ఇస్తారేమో మీ డిస్కమ్ సెక్షన్ ఆఫీసులో అడగండి.

ఇప్పుడు పోల్చండి. యూనిట్ రూ.9.75 చొప్పున ఇంటి చార్జింగుతో కిలోమీటరుకు దాదాపు రూ.1.60 అవుతుంది. లీటరు పెట్రోలు రూ.107, మైలేజీ 15 కిలోమీటర్లు అనుకుంటే పెట్రోలు కారుకు రూ.7.10 అవుతుంది. తేడా ఐదున్నర రూపాయలు. పబ్లిక్ ఫాస్ట్ చార్జర్ల దగ్గర సాధారణంగా యూనిట్‌కు రూ.18 నుంచి రూ.25 దాకా తీసుకుంటారు, ఆ సేవ మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. అన్నీ కలిపి రూ.22 పడిందనుకున్నా కిలోమీటరు ఖర్చు రూ.3.50కి చేరి, ఆదా మూడున్నర రూపాయల దగ్గరికి పడిపోతుంది.

మేడ మీద స్థలం ఉన్నవారికి సోలార్ ఈ లెక్కను మార్చేస్తుంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లు, ఆపైన పెట్టుకునే ఇళ్లకు రూ.78,000 రాయితీ ఉంది; మూడు కిలోవాట్ల ప్యానెళ్లు సగటున రోజుకు పన్నెండు యూనిట్ల దాకా ఇస్తాయి. కారు పగలు ఇంట్లో లేకపోయినా నెట్ మీటరింగ్ వల్ల పగలు గ్రిడ్‌కు ఇచ్చింది రాత్రి వాడినదానికి సర్దుబాటు అవుతుంది.

పర్యావరణం కోసమే కొనాలనుకునేవారు కూడా ఇక్కడే ఒక మాట వినాలి. మన గ్రిడ్ ఇప్పటికీ ఎక్కువగా బొగ్గు మీదే నడుస్తోంది, ఒక్కో యూనిట్ వెనుక 0.7 కిలోల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్ ఉంది. వంద కిలోమీటర్లకు లెక్కిస్తే పెట్రోలు కారు కంటే ఉద్గారాలు దాదాపు పావు వంతు మాత్రమే తగ్గుతాయి. మీ వీధిలో పొగ పూర్తిగా లేకుండా పోవడం నిజమే.

నాలుగో అడుగు: అదనంగా పెట్టే ధర ఎంత?

ఒకే స్థాయి పెట్రోలు కారుకూ ఎలక్ట్రిక్ కారుకూ ఆన్‌రోడ్ ధరలు రెండూ రాతపూర్వకంగా తీసుకోండి. ఎక్స్‌షోరూమ్ ధరలను పోల్చకండి, అసలు తేడా పన్నుల్లోనే ఉంటుంది. ఎలక్ట్రిక్ కార్ల మీద జీఎస్టీ 2019 ఆగస్టు నుంచి 5 శాతమే. కానీ 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది కాబట్టి, అంతకుముందు రాసిన పోలికలేవీ ఇప్పుడు పనికిరావు. తెలంగాణలో 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 దాకా రిజిస్టరయ్యే ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మినహాయించారు. పది లక్షలు దాటిన పెట్రోలు కారుకు లైఫ్ ట్యాక్స్ ధరలో ఆరో వంతు దాకా పడే రాష్ట్రంలో ఇది చిన్న మొత్తం కాదు: పన్నెండు లక్షల కారు మీద రెండు లక్షల చుట్టుపక్కల ఉంటుంది. గడువు చివరి నెలల్లో బుక్ చేసేవారు డెలివరీ ఆలస్యమైతే పన్ను ఎవరు భరిస్తారో డీలరుతో ముందే రాయించుకోవాలి. ఆంధ్రప్రదేశ్ వాసులు ఆ రోజుకు అమల్లో ఉన్న రాయితీని రవాణా శాఖ కార్యాలయంలోనే నిర్ధారించుకోవాలి.

ఆదాయపు పన్నులో లక్షన్నర దాకా వడ్డీ మినహాయింపు ఉందని ఇప్పటికీ చెప్పే అమ్మకందారులున్నారు. ఆ 80ఈఈబీ సెక్షన్ 2019 ఏప్రిల్ 1 నుంచి 2023 మార్చి 31 మధ్య మంజూరైన రుణాలకే వర్తిస్తుంది.

అన్నీ పోగా ఎలక్ట్రిక్ కారుకు మూడు లక్షలు ఎక్కువ పడిందనుకుందాం. ఏడాదికి 12,000 కిలోమీటర్లు ఇంటి చార్జింగుతో తిరిగితే ఆదా దాదాపు రూ.66,000, అంటే నాలుగున్నరేళ్లలో అసలు వస్తుంది. 6,000 కిలోమీటర్లే తిరిగేవారికి తొమ్మిదేళ్లు పడుతుంది. 20,000 తిరిగేవారికి మూడేళ్లు కూడా పట్టదు. ఆ మూడు లక్షలూ అప్పే అయితే, 9 శాతం వడ్డీతో ఐదేళ్లకు నెలకు సుమారు రూ.6,230 కట్టాలి, వడ్డీ మాత్రమే రూ.74,000 దాకా అవుతుంది. దీన్ని కూడా కలిపితే 12,000 కిలోమీటర్లు తిరిగేవారి గడువు ఇంకో ఏడాది జరుగుతుంది.

ఐదో అడుగు: బీమా, సర్వీసు, టైర్లు

ఎలక్ట్రిక్ కార్లకు థర్డ్ పార్టీ ప్రీమియంలో 15 శాతం రాయితీ ఉందన్నది నిజమే గానీ, అది మీకు కనబడకపోవచ్చు. 2022లో ప్రకటించిన రేట్ల ప్రకారం మోటారు శక్తి 30 నుంచి 65 కిలోవాట్ల మధ్య ఉంటే ఏడాదికి రూ.2,904, 65 దాటితే రూ.6,712, అదే 1,000 నుంచి 1,500 సీసీ మధ్య పెట్రోలు కారుకు రూ.3,416. మధ్యతరహా ఎలక్ట్రిక్ ఎస్‌యూవీల మోటార్లు చాలావరకు 65 కిలోవాట్లు దాటుతాయి కాబట్టి, రాయితీ ఇచ్చాక కూడా అదే పరిమాణపు పెట్రోలు కారుకు దాదాపు రెట్టింపు కడతారు. కారు ధర ఎక్కువ కనుక ఓన్ డ్యామేజ్ (మీ కారుకే జరిగే నష్టానికి కట్టే) ప్రీమియం కూడా పెరుగుతుంది. జీరో డిప్రిసియేషన్‌తో (విడిభాగాల పాతదనానికి కోత లేకుండా ఇచ్చే కవరుతో) పాటు బ్యాటరీకి, చార్జర్‌కు నీటి నష్టం వర్తించే యాడ్ఆన్ తప్పకుండా తీసుకోండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీల్లో రోజుల తరబడి నీళ్లు నిలిచినప్పుడు మునిగిన వాహనాలను చూసినవారికి ఇది వివరించనక్కర్లేదు. బ్యాటరీలకు ఉండే ఐపీ67 గుర్తింపు అంటే ఒక మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకుంటుందని మాత్రమే.

సర్వీసులో ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, క్లచ్ ఖర్చులు ఉండవు. కూలెంట్, బ్రేక్ ఆయిల్, ఏసీ ఫిల్టరు ఉంటాయి. బ్యాటరీ బరువు వల్ల టైర్లు త్వరగా అరుగుతాయి.

ఆరో అడుగు: బ్యాటరీ కాగితాలు చదవండి

వారంటీ పుస్తకంలో నాలుగు వాక్యాలు వెతకండి. ఎన్నేళ్లు లేదా ఎన్ని కిలోమీటర్లు (ఎనిమిదేళ్లు, 1,60,000 కిలోమీటర్లు అన్నది చాలాచోట్ల కనిపించే హామీ), సామర్థ్యం ఎంత శాతానికి పడిపోతే మారుస్తారు, రెండో యజమానికి అదే వారంటీ బదిలీ అవుతుందా, బయటి వర్క్‌షాపులో పని చేయిస్తే చెల్లుతుందా. మూడో ప్రశ్నకు జవాబే మీరు అమ్మేటప్పుడు వచ్చే ధరను నిర్ణయిస్తుంది. వారంటీ తీరిన తర్వాత బ్యాటరీ మార్చాలంటే లక్షల్లో మాట కనుక, కొనేవాడు ముందుగా అడిగేది అదే.

బ్యాటరీ రసాయనం కూడా అడగండి. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బరువెక్కువైనా వేడిని, తరచూ నింపడాన్ని బాగా తట్టుకుంటుంది. రామగుండం, రెంటచింతల ఎండల్లో తిరిగేవారికి నేను దీన్నే సూచిస్తాను. ఎన్‌ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్) రకమైతే రోజువారీగా 80 శాతం దగ్గరే ఆపడం మంచిది.

బ్యాటరీని అద్దెకిచ్చే పద్ధతి 2024 సెప్టెంబరులో ఎంజీ విండ్సర్‌తో ప్రచారంలోకి వచ్చింది. అప్పుడు బ్యాటరీ లేకుండా కారు ధర రూ.9.99 లక్షలు, బ్యాటరీకి కిలోమీటరుకు మూడున్నర రూపాయలు. మొదట కట్టేది తగ్గడం బాగానే ఉంటుంది గానీ, ఆ మూడున్నరకు కరెంటు ఖర్చు రూపాయి అరవై కలిపితే ఐదు రూపాయలు దాటుతుంది, పెట్రోలుతో తేడా రెండు రూపాయలకు కుంచించుకుపోతుంది. ఈ పథకం ఎంచుకునేవారు నెలకు కనీసం ఇన్ని కిలోమీటర్లకు కట్టాలన్న షరతు ఉందేమో చూడాలి.

ఏడో అడుగు: మీకు తెలిసిన దారి మీద రేంజి లెక్కించండి

బ్రోచరులోని రేంజి, అంటే ఒకసారి నింపితే వెళ్లే దూరం, ప్రయోగశాలలో కొలిచినది. 45 యూనిట్ల బ్యాటరీకి 489 కిలోమీటర్లని చెప్పే కారు ఊళ్లో 320 ఇస్తే బాగా ఇచ్చినట్లే. హైవే మీద ఏసీ వేసుకుని వంద వేగంతో వెళ్తే 270కి తగ్గుతుంది. దారిలో ఫాస్ట్ చార్జింగు 80 శాతం దాటాక బాగా నెమ్మదిస్తుంది, 10 శాతం కంటే కిందికి ఎవరూ తీసుకెళ్లరు కాబట్టి, రెండో విడత నుంచి చేతికొచ్చేది 190 కిలోమీటర్లే. ప్రణాళిక ఈ సంఖ్యతో వేయండి.

హైదరాబాదు నుంచి విజయవాడ 275 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఇంట్లో వంద శాతం నింపుకుని బయల్దేరితే దాదాపు సగం దూరంలో ఉన్న సూర్యాపేటలో ఎలాగూ ఇడ్లీకో టీకో ఆగుతారు. అక్కడ అరగంట పెట్టుకుంటే నిశ్చింతగా చేరతారు. అదే సంక్రాంతి ముందు రోజయితే చార్జర్ దగ్గర ముందు రెండు కార్లు ఉంటాయనుకునే బయల్దేరండి, ఖాళీ చార్జర్ల కోసం రెండు మూడు వేర్వేరు యాప్‌లలో ముందే డబ్బు వేసి ఉంచుకోండి. శ్రీశైలం దారి వేరు. మన్ననూరు దాటాక అడవి, ఘాట్ రోడ్డు; ఎక్కేటప్పుడు బ్యాటరీ కళ్ల ముందే కరుగుతుంది. దిగేటప్పుడు రీజనరేటివ్ బ్రేకింగుతో (వేగం తగ్గించేటప్పుడు ఆ శక్తిని తిరిగి కరెంటుగా మార్చే పద్ధతితో) కొంత తిరిగొస్తుంది గానీ ఎక్కడానికి ఖర్చయినంతా రాదు. అడవి మొదలయ్యే ముందే నింపుకోవాలి, బస చేసే సత్రంలో 15 ఆంపియర్ల సాకెట్ ఉందా అని గది బుక్ చేసేటప్పుడే అడగాలి.

ఎనిమిదో అడుగు: డెలివరీ రోజు, మొదటి నెల

డెలివరీకి ముందు కారుతో వచ్చే పోర్టబుల్ చార్జర్‌ను మీ ఎదుటే పెట్టించి చూడండి. సొంత కార్లకు ఆకుపచ్చ ప్లేటు మీద తెల్ల అక్షరాలు ఉండాలి, పసుపు అక్షరాలు ట్యాక్సీలకు. ఈ కార్లలోనూ మామూలు 12 ఓల్టుల చిన్న బ్యాటరీ ఉంటుంది. అది చచ్చిపోతే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు కదలదు కాబట్టి దాని వారంటీ కార్డు విడిగా అడిగి తీసుకోండి.

మొదటి నెల ఒక చిన్న పుస్తకం కారులో పెట్టుకోండి. మీటరు నుంచి వేయించిన కొత్త లైనుకు నాలుగైదు వందల రూపాయలకు దొరికే చిన్న సబ్‌మీటరు బిగిస్తే, ప్రతి ఆదివారం దాని రీడింగూ ఓడోమీటరూ పక్కపక్కన రాయవచ్చు. నాలుగు వారాల తర్వాత కిలోమీటర్లను యూనిట్లతో భాగించండి. ఆరు కంటే బాగా తక్కువ వస్తే టైర్లలో గాలి, మీ హైవే వేగం, ఆ తర్వాత చార్జింగు లైను వేడెక్కుతోందా అన్నది ఇదే వరుసలో చూసుకుని, అప్పుడు సర్వీసు సెంటరుకు వెళ్లండి.